ఏరు పారించిన పాత కార్డు

అనగనగా అన్నామని మరీ వెనక్కి వెళ్ళక్కర్లేదు పిల్లలూ, ఇది మీ ఇంట్లో పెద్దవాళ్ళు చూసిన కాలమే. సింగారపట్నం అని ఒక పట్నం ఉండేది. ఆ పట్నంలో కంప్యూటర్లు అమ్మే వీధి ఒకటి ఉండేది.

ఆ వీధిలో రెండు పెద్ద దుకాణాలు ఎదురెదురుగా ఉండేవి. ఒకటి ధనుంజయ గుప్తది, రెండోది భీమలింగానిది. ఇద్దరూ గ్రాఫిక్స్ కార్డులు అమ్మేవారు.

కంప్యూటరులో బొమ్మల్ని కదిలించేది ఆ కార్డే. అది బలమైనదైతే తెర మీద గుర్రం దౌడు తీస్తుంది. బలం చాలకపోతే కాలెత్తిన గుర్రం ఎత్తినట్టే నిలబడిపోతుంది.

గుప్త అమ్మే కార్డు పేరు గరుడ. భీమలింగం అమ్మే కార్డు పేరు ఐరావతం. రెండూ గొప్పవే. ఇద్దరు వర్తకులు పోటీ పడితే ధర దిగాలి కదా? ఆ వీధిలో మాత్రం దిగలేదు.

గుప్త పొద్దున్నే గుమ్మంలో నిలబడి ఎదుటి దుకాణం ధరల బోర్డు చూసేవాడు. "వాడికన్నా తక్కువకి అమ్మితే నా గరుడే తక్కువదనుకుంటారు" అని ధర పెంచేవాడు. అది చూసి భీమలింగం మధ్యాహ్నానికల్లా ఇంకాస్త పెంచేవాడు. అదీ చాలక ఇద్దరూ సరుకంతా గోదాముల్లో దాచి, అద్దాల బీరువాలో ఒక్క కార్డు మాత్రం పెట్టి, దొరకడమే కష్టంగా ఉందని చెప్పేవారు. వచ్చినవాళ్ళు ఆ ఒక్కదాన్నే చూసి నిట్టూర్చి వెళ్ళేవారు.

అలా నిట్టూర్చినవాళ్ళలో నూకరత్నం ఒకతె.

నూకరత్నం ఫోటో స్టూడియోలో పెళ్ళి ఆల్బములు తయారు చేసేది. తల్లి లేదు. తండ్రి పోలయ్య. ఒకప్పుడు గోగులరేవు అనే ఏటి ఒడ్డు ఊళ్ళో పడవ నడిపినవాడు. ఏటికి అడ్డంగా ఆనకట్ట లేచింది. గోగులరేవు మునిగిపోయింది. పారే ఏరు కదలకుండా నిలిచిపోయింది. అప్పటినుంచి పోలయ్య పట్నంలో ఒక మిల్లు గేటు దగ్గర కూర్చునేవాడు. వాన పడితే చాలు, గేటు వదిలేసి, రోడ్డు పక్క కాలవలో పారే నీళ్ళకేసి చూస్తూ నిలబడేవాడు.

కూతురు అది చూసింది. నాన్నకి ఏరు మళ్ళీ చూపించాలనుకుంది. ఇంట్లో పాత కంప్యూటరు ముందు కూర్చుని, తండ్రి చెప్పిన గుర్తులతో ఒక ఆట తయారు చేసింది. అందులో గెలుపూ ఓటమీ లేవు. ఒక ఏరు, ఒక పడవ, రెండు గట్లు. పడవ నడుపుకుంటూ ఆ గట్టుకి చేరడమే ఆట.

తీరా తండ్రిని కూర్చోబెట్టి చూపిస్తే, తెర మీద నీళ్ళు రెండు అలలు కదిలి ఆగిపోయాయి.

పోలయ్య కాసేపు చూశాడు. "బాగుందమ్మాయ్" అన్నాడు. "కానీ ఇది ఆనకట్ట కట్టిన తరవాతి ఏరు. నీళ్ళు పారట్లేదు."

కార్డు బలం చాలలేదని రత్నానికి తెలుసు. ఆనాటినుంచి ఆమెకి గరుడ మీద పడింది మనసు. గరుడ ఉంటే నీళ్ళు పారతాయి. పారడమే కాదు, ప్రతి అల మీదా ఎండ తళుక్కుమంటుంది. బస్సులో వెళుతున్నా, అన్నం తింటున్నా ఆ తళుకే కళ్ళ ముందు ఆడేది.

ఇంతలో పోలయ్యకి చూపు తగ్గసాగింది. కళ్ళ డాక్టరు పరీక్ష చేసి, "కంటి నరం దెబ్బతింది. పోయిన చూపు తేలేం. మందులు వేస్తే మిగిలింది కొంతకాలం నిలుస్తుంది, అంతే" అన్నాడు.

రత్నం కూడబెట్టినదంతా తీసుకుని గుప్త దుకాణానికి పరుగెత్తింది.

"నిన్నటి ధర నిన్నటిదేనమ్మా, ఇవాళ పెరిగింది" అన్నాడు గుప్త. "ఇంకో నాలుగు నెలలాగి రా."

రత్నం ఎదుటి దుకాణానికి వెళ్ళింది. భీమలింగం నవ్వి, "గరుడ కొనలేనివాళ్ళకి ఐరావతం ఇచ్చేస్తానా?" అన్నాడు. "మాదీ పెరిగింది. అయినా వచ్చే ఏడు ఇంతకన్నా పెద్దది వస్తోంది. కొంటే అదే కొనుక్కో. ఇది పాతబడిపోతుంది."

రత్నం ఆగింది. నాలుగు నెలలు గడిచాయి. ధర మళ్ళీ ఎక్కింది. కొత్తది వచ్చింది. దాని ధర ఇంకా పైన. ఆమె ఒక అడుగు వేస్తే ఆ కార్డు రెండడుగులు దూరం జరిగేది. దూరమైనకొద్దీ కోరిక పెరిగేది.

ఆ వీధి చివర ఖాసిం సాయిబు అనే చిన్న వర్తకుడు ఉండేవాడు. వాడిన కార్డులు కొని, దుమ్ము దులిపి, బాగుచేసి అమ్మేవాడు. ఒకరోజు రత్నం దారి మధ్యలో నిలబడి అటూ ఇటూ చూడటం గమనించి పిలిచాడు.

"ఏం కావాలమ్మా?"

"గరుడ కావాలి సాయిబుగారూ."

"అది నా దగ్గర లేదు. కార్డు సంగతి సరే, దేనికి కావాలో చెప్పు."

ఆ మాట ఆమెని అంతవరకు ఎవరూ అడగలేదు. రత్నం నాన్న చూపు సంగతీ, తన దగ్గరున్న డబ్బు సంగతీ చెప్పి, ఆట తెచ్చి చూపించింది. ఖాసిం మూడేళ్ళనాటి కార్డు ఒకటి బిగించి ఆట నడిపాడు. తెర మీద నీళ్ళు కదిలాయి. ఆగకుండా పారాయి.

రత్నం ముఖం వెలిగి, వెంటనే వాడిపోయింది. "ఎండ తళుకు రాలేదండీ."

"రాదమ్మా. అబద్ధం చెప్పను. అది గరుడకే వస్తుంది. దీని ఫ్యాను కూడా కొంచెం చప్పుడు చేస్తుంది. నీ దగ్గరున్నదాంట్లో సగానికే వస్తుంది. కానీ ఒక్కటడుగుతాను. మీ నాన్నగారికి ఇప్పుడు ఎంతవరకు కనిపిస్తోంది?"

రత్నం "ఆలోచించుకుని వస్తాను" అని బయటపడింది. గుప్త అద్దాల ముందు ఆగింది. లోపల గరుడ మిలమిలలాడుతోంది. ఎన్నాళ్ళనుంచో కోరుకున్నది, చేయి చాస్తే అందేంత దగ్గరలో ఉంది. ఇంకొక్క ఏడాది ఆగితే అనుకుంటూ ఇంటికి వెళ్ళింది.

ఇంట్లో పోలయ్య మంచినీళ్ళ గ్లాసు కోసం తడుముకుంటున్నాడు. గ్లాసు చేతి పక్కనే ఉంది. చేయి మాత్రం బల్లంతా తిరుగుతోంది.

రత్నం గ్లాసు అందించింది. చెప్పులైనా విప్పకుండా వెనక్కి తిరిగి ఖాసిం కొట్టుకు వెళ్ళింది.

ఆ సాయంత్రం పోలయ్యని తెర ముందు, బాగా దగ్గరగా కూర్చోబెట్టింది. ఏరు పారింది. పోలయ్య ముందుకి వంగాడు.

"లాగుతోందే! నీళ్ళు లాగుతున్నాయే! అమ్మాయ్, అక్కడ సుడి ఉంటుంది, పడవ ఎడమకి తిప్పు!"

"నువ్వే తిప్పు నాన్నా" అని అతని వేళ్ళు మీటల మీద పెట్టింది. పోలయ్య తిప్పాడు. పడవ సుడి తప్పుకుంది. అవతలి గట్టు దగ్గరపడింది. అతను చెయ్యి తీసేశాడు.

"ఏం నాన్నా?"

"ఆ రాతి పక్కన మీ అమ్మ నిలబడేదే. మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకుని, కొంగు నెత్తిన వేసుకుని. నా పడవ మలుపు తిరగగానే కనిపించేది."

మర్నాడు రత్నం ఆ రాతి పక్కన ఒక ఆడమనిషిని నిలబెట్టింది. "ముఖం సరిగ్గా రాలేదు నాన్నా. ఈ కార్డుకి అంత వివరం రాదు" అంది దిగులుగా.

పోలయ్య చాలాసేపు చూశాడు. "ఏటి మధ్యనుంచి ముఖం ఎప్పుడు కనిపించిందే? అలా నిలబడితే చాలు, అదే అని తెలిసిపోయేది" అన్నాడు. పడవని గట్టుకి చేర్చలేదు. ఏటి మధ్యనే నిలిపి, చూస్తూ కూర్చున్నాడు.

ఆ వానాకాలమంతా పోలయ్య రోజూ ఏరు దాటాడు. శీతాకాలానికి చూపు పూర్తిగా పోయింది.

మరుసటేడు వేరే ఊరినుంచి మరో కార్డు వచ్చింది. గరుడకన్నా బలమైనది, ధర అందులో సగం. గుప్త, భీమలింగం దాచిన సరుకంతా గోదాముల్లోనే ఉండిపోయింది. ఇద్దరూ బోర్డులు చెరిపి ధరలు దించారు, మళ్ళీ దించారు. అయినా జనం వాళ్ళ గుమ్మం తొక్కలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పే ఖాసిం కొట్టు ముందే గుమిగూడారు.

ఒకనాడు రత్నం ఆ దారిన పోతుంటే గుప్త కేకేశాడు. "అమ్మాయీ, గరుడ కావాలన్నావుగా! సగం ధరకే ఇస్తాను, పట్టుకెళ్ళు!"

రత్నం ఆగింది. బీరువాలోని కార్డుకేసి ఒక్క క్షణం చూసింది. కోరిక ఇంకా పూర్తిగా చావలేదు. ఎండ తళుకు ఎలా ఉంటుందో ఆమె ఇప్పటికీ చూడలేదు.

"వద్దులెండి బాబుగారూ" అంది. "అది చూడాల్సిన కళ్ళు చూడాల్సింది చూసేశాయి. దానికోసమే ఆగి ఉంటే ఏదీ చూసేవి కావు."

కాబట్టి పిల్లలూ, అన్నిటికన్నా గొప్పది దొరకాలని కాలం పోగొట్టుకోకండి. మనవాళ్ళకి వేళకి అందించగలిగినదే వాళ్ళకి అన్నిటికన్నా గొప్పది.