నల్లమేక సేద్యం

ఒక ఊళ్ళో ఒక ఆవు ఈనిన పూటే చచ్చిపోయింది. దూడ బతికింది. ఆ వారంలోనే అదే పాకలో ఒక నల్లమేకకు పిల్ల పుట్టి, పాలు తాగకముందే పోయింది. మేక పొదుగు నిండా పాలున్నాయి. దూడ ఆకలితో పాకంతా తిరుగుతోంది.

ఆ పాక ఓబులమ్మది. ఊరికి పడమట మిట్ట మీద ఆమెకు కాస్త ఎర్రనేల ఉంది. కొట్టంలో ఒక ముసలెద్దు, కొన్ని మేకలు ఉన్నాయి. ఇంట్లో అత్త సుంకులమ్మ ఉంది. మొగుడు పోయిన ఏడు కరువొచ్చి రెండో ఎద్దును అమ్మేశారు. ఒంటెద్దుతో సేద్యం సాగదు. అందుకని అప్పటి నుంచి ఆమె పొలాన్ని పక్కింటి దస్తగిరి దున్నిపెడుతున్నాడు.

దస్తగిరి మంచివాడు. ఎద్దుల సంగతి అతనికి తెలిసినంతగా ఆ ఊళ్ళో మరొకరికి తెలియదు. నడక చూసి వయసు చెప్పేవాడు, నెమరు చూసి జబ్బు చెప్పేవాడు. అన్న మాట తప్పేవాడు కాదు. కాకపోతే వాన పడ్డాక ముందు తన పొలం దున్నుకునేవాడు, తర్వాత తన అన్నదమ్ములవి, ఆ తర్వాత బామ్మర్దిది. అవన్నీ అయ్యాక ఓబులమ్మ పొలంలో నాగలి దించేవాడు. అప్పటికి నేలలో పదును ఆరిపోయేది. ఆమె వేసిన విత్తు సగం మొలిచేది, సగం చీమల పాలయ్యేది. ఆమె ఎవరినీ ఏమీ అనలేకపోయేది. ఉపకారం చేసేవాణ్ణి తొందరపెట్టడం ఎలా? ఆ ఆవును తెచ్చి మేపింది ఒక కోడెదూడ కోసమే. తన కాడి తనకుంటే వాన పడ్డ మర్నాడే దున్నుకోవచ్చని ఆమె ఆశ.

పుట్టింది కోడెదూడే. అందుకే దాన్ని చావనివ్వదలచుకోలేదు. సుంకులమ్మ ఉపాయం చెప్పింది. బట్టలుతికే బండ మీదికి మేకను ఎక్కించి, దూడను కింద నిలబెట్టమంది. మొదటి రోజు మేక దూడను కొమ్ములతో పొడిచింది. మర్నాడు పొడిచింది గాని మనసు పెట్టి పొడవలేదు. ఆ తర్వాత ఒక పొద్దున ఓబులమ్మ లేచి చూసేసరికి మేక తనంతట తానే బండెక్కి నిలబడి దూడను పిలుస్తోంది.

దూడ పెరిగింది. తాను దూడనని దానికి చెప్పేవాళ్ళెవరూ లేరు. మేకలతో మేతకు పోయేది, మేకలతో వచ్చేది. మేకలు తుమ్మచెట్టు మొదలుకు ముందుకాళ్ళు ఆనించి ఆకు అందుకుంటుంటే అదీ ముందుకాళ్ళు లేపేది, వెల్లకిలా పడేది, లేచి చుట్టూ చూసి మళ్ళీ లేపేది. గడ్డిమోపు ముందు పడేస్తే వాసన చూసి వదిలేసి రేగుకంప దగ్గరికి పోయేది. ఆరేసిన చీర కొంగు నమిలేది. ముసలెద్దు పక్కన కట్టేస్తే రాత్రంతా అరిచేది. ముసలెద్దు కూడా దాన్ని తన జాతిలో లెక్కపెట్టలేదు. అది దగ్గరికొస్తే మొహం తిప్పుకునేది.

పాలు మానే వయసు దాటినా అది మేక దగ్గర తాగడం మానలేదు. అప్పటికి మేకకు బండ అవసరం లేకుండా పోయింది. కోడే ముందుకాళ్ళు మడిచి, మోకాళ్ళ మీద కూర్చుని తాగేది. మేక కంటే రెట్టింపున్న కోడె మేక ముందు మోకరిల్లడం చూడటానికి పిల్లా పెద్దా వచ్చేవాళ్ళు. సుంకులమ్మ వాళ్ళను తరిమేది. "దానికి లేని సిగ్గు మీకెందుకు, పోండి" అనేది.

ఒకనాడు మేకలు దస్తగిరి పెరటిగోడ ఎక్కాయి. కోడె కూడా ఎక్కింది. గోడ కూలింది. ఓబులమ్మ మట్టి పిసికి గోడ తిరిగి పెడుతుంటే దస్తగిరి వచ్చి పక్కన కూర్చున్నాడు. అతనికి కోపం రాలేదు. జాలి కలిగింది.

"చెల్లీ, దీన్ని సంతకు తోలెయ్" అన్నాడు. "ఎద్దు ఎద్దుల్లో పెరగాలి. ఇది మేకల్లో పెరిగింది. ఇంక కాడికి రాదు."

ఓబులమ్మ మట్టిముద్ద అద్దుతూనే, ఒక్క వాన చూస్తానంది. దస్తగిరి సరేనన్నాడు. ఆ వానకు కూడా కోడె కాడికి రాకపోతే పొలం తనకు కోరుకివ్వమని, ఏటా వేరేగా వచ్చి దున్నే ఓపిక తనకు లేదని చెప్పాడు. దాపరికం లేకుండా చెప్పాడు. ఓబులమ్మకు లెక్క తెలుసు. కోరుకిస్తే పండినదాంట్లో సగమే ఇంటికొస్తుంది. అంతకన్నా ముఖ్యం, తన నేల మీద ఏం వేయాలో తాను చెప్పే రోజు ఇక ఉండదు. అయినా ఆమె గోడ పని ఆపలేదు.

వాన పడింది. కోడెకు కాడి కట్టడానికి దస్తగిరి స్వయంగా వచ్చాడు. ఊళ్ళో సగం మంది గట్ల మీద చేరారు. ఒక పక్క ముసలెద్దు, ఒక పక్క కోడె. కాడి మెడ మీద పడగానే కోడె ఒకసారి ముసలెద్దును చూసింది, ఒకసారి దస్తగిరిని చూసింది, తర్వాత నింపాదిగా మోకాళ్ళ మీద కూర్చుంది. గట్ల మీద నవ్వులు లేచాయి.

దస్తగిరి అదిలించాడు. నాలుకతో చప్పుడు చేశాడు. తోక మెలిపెట్టాడు. ఎన్నో మొండి ఎద్దుల్ని దారికి తెచ్చిన చేతులు అవి. కోడె లేవలేదు. చివరికి ములుగర్రతో పొడిచాడు. తొడ మీద నెత్తురు చుక్క కనబడింది. కోడె కళ్ళు మూసుకుంది గాని లేవలేదు.

ఓబులమ్మ వచ్చి ములుగర్ర పట్టుకుంది.

"చాలన్నా. దానిది మొండితనం కాదు. ఎవరి వెంట పోవాలో దానికి తెలియడం లేదు."

ఆమె ఇంటికి పోయి నల్లమేకను తోలుకొచ్చింది. కాడి ముందర వదిలింది. మేక ఆ జనాన్నీ నాగలినీ పట్టించుకోలేదు. వానకు మొలిచిన పచ్చిక కొరుక్కుంటూ ముందుకు నడిచింది. కోడె లేచింది. మేక వెంట నడిచింది. దానితో పాటు కాడి, కాడితో పాటు ముసలెద్దు, వాటి వెనక నాగలి, నాగలి వెనక మేడి పట్టుకున్న ఓబులమ్మ.

ఆ పూట ఆమె దున్నిన సాళ్ళు చూసి నవ్వనివాళ్ళు లేరు. మేక పచ్చిక ఎటు కనబడితే అటు పోయింది. సాలు కూడా అటే పోయింది. ఒక చోట రేగుపొద చుట్టూ తిరిగి మొదలైన చోటికే వచ్చింది. ఇంటికొచ్చాక ఓబులమ్మ తిండి తినకుండా కూర్చుంది. సుంకులమ్మ కోడలి ముందు సంగటి పెట్టి, మేక వంకరగా పోవడం మేక తప్పు కాదని, దాని మేత వంకరగా ఉందని, మేతను తిన్నగా పెట్టమని చెప్పింది.

మర్నాడు ఓబులమ్మ పొలానికి ఈ చివర ఒక అవిసె కొమ్మ, ఆ చివర ఒక అవిసె కొమ్మ పాతింది. అవిసె ఆకు కనబడితే మేక ఇంక దేన్నీ చూడదు. ఈ కొమ్మ దగ్గర్నుంచి ఆ కొమ్మకు గీత గీసినట్టు పోయింది. అక్కడ రెండు రెమ్మలు తిని వెనక్కి తిరిగింది. సాళ్ళు చక్కగా పడ్డాయి. పదును ఆరకముందే ఓబులమ్మ పొలమంతా దున్ని విత్తు వేసింది. మొగుడు పోయాక అలా జరగడం అదే మొదలు.

ఆ ఏడు ఆమె వేరుశనగ గుత్తులు గుత్తులుగా ఊరింది. చెట్టు పీకితే మట్టితో పాటు కాయల బరువు చేతికి తెలిసేది. ఆమె ఆ చెట్టును పట్టుకుని కాసేపు గట్టు మీదే కూర్చుంది. సుంకులమ్మ పచ్చికాయలు ఉడకబెట్టి వీధిలో అందరికీ పంచింది. దస్తగిరి కూడా తిన్నాడు. కాయ బాగుందన్నాడు. పొలం కోరుకివ్వమన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

పంట ఎందుకు పండిందో ఓబులమ్మకు తెలుసు. విత్తు పదునులో పడింది, అంతే. ఊరికి మాత్రం కనబడింది నల్లమేక.

మరుసటి తొలకరికి ఒక రైతు తన ఎద్దుల ముందర ఒక నల్లమేకను తోలాడు. అతన్ని చూసి ఇంకొకరు. చూస్తుండగానే ఊళ్ళో నల్లమేక దొరకని పరిస్థితి వచ్చింది. తెల్లమేకలకు మసి పూసినవాళ్ళు కూడా ఉన్నారు. ఓబులమ్మ కనబడినవాళ్ళకల్లా చెప్పింది, మీ ఎద్దులకు నడక వచ్చు, వాటికి మేక ఎందుకని. ఆమె ఎంత గట్టిగా చెబితే వాళ్ళకు అంత అనుమానం వచ్చింది. గుట్టు బయటపెట్టడం ఆమెకు ఇష్టం లేదనుకున్నారు.

దస్తగిరి చాలా రోజులు నవ్వాడు. తర్వాత నవ్వడం మానాడు. ఆపైన అతని పాకలోనూ ఒక నల్లమేక కనబడింది. ఊళ్ళో అందరికన్నా ముందు కాడి కట్టేవాడు, మేక విషయంలో చివరివాడు కావడం అతనికి నచ్చలేదు.

ఎద్దులు మొదట మేకల్ని చూసి బెదిరాయి. తర్వాత అలవాటు పడ్డాయి. ఆపైన మేక ముందు లేకపోతే నిలబడిపోవడం మొదలుపెట్టాయి. అంతవరకూ అదిలింపు కూడా అక్కర్లేకుండా నడిచిన దస్తగిరి జత, మేక పొద చాటుకు పోతే అది వచ్చేదాకా ఆగేది. దాన్ని చూసి ఊరివాళ్ళు, మేక లేకుండా ఇన్నాళ్ళు సేద్యం ఎలా చేశామో అని ఆశ్చర్యపోయారు.

ఆపై ఏడు తొలకరి పడి ఒక పూట తెరిపిచ్చింది. పొలాలన్నీ కాడెద్దులతో, నాగళ్ళతో నిండిపోయాయి. ప్రతి కాడి ముందర ఒక మేక నడుస్తోంది. మిట్ట మీద ఓబులమ్మ కూడా దున్నుతోంది.

నడి పొద్దున మబ్బు మళ్ళీ కమ్మి, చినుకు మొదలైంది. మేకకు వాన పడదు. ఒంటి మీద చుక్క పడితే అది ఇల్లు చూసుకుంటుంది. ఊళ్ళోని మేకలన్నీ ఒక్కసారిగా ఇళ్ళ దారి పట్టాయి. వాటి వెనక ఎద్దులు పరుగెత్తాయి. ఎద్దుల వెనక నాగళ్ళు గట్లు తెంచుకుంటూ, కంచెలు ఈడ్చుకుంటూ పోయాయి. వాటి వెనక రైతులు తలగుడ్డలు జారిపోతుంటే అరుచుకుంటూ పోయారు. పొలాల నుంచి ఊళ్ళోకి నాగలి సాలు పడని వీధి లేదు ఆ రోజు. దస్తగిరి జత అతని కొత్త గోడ మధ్యలోంచి పాకలోకి పోయింది.

దస్తగిరి అక్కడ ఆగకుండా వెనక్కి తిరిగి, తడుస్తూ మిట్ట ఎక్కాడు. ఓబులమ్మ చినుకుల్లోనే దున్నుతోంది. కోడె తల దించి నడుస్తోంది. ముసలెద్దు దాని పక్కన నడుస్తోంది.

"చెల్లీ, వానకు బెదరకుండా మేకకు ఎట్లా నేర్పావు?" అన్నాడు.

"మేక ఇంట్లో ఉందన్నా."

దస్తగిరి కాడి ముందర చూశాడు. తడిసిన నేల తప్ప ఏమీ లేదు.

ఓబులమ్మ నాగలి ఆపి చెప్పింది. మేకకు వయసు మీద పడిందని, ఈ ఏడు నడవలేక ఇంట్లోనే పడుకుంటోందని, కోడెకు సాలు తెలిసిపోయింది కాబట్టి తన గొంతు వింటే చాలని. దస్తగిరి అంతా శ్రద్ధగా విన్నాడు. ఆమె చెప్పిన మాటల్లో ఒకటి అతని మనసుకు బాగా పట్టింది. ఆ సాయంత్రమే ఊరందరికీ ఆ మాట తెలిసింది.

ఆ ఎండాకాలం నల్లమేక చచ్చిపోయింది. కోడె దాని దగ్గర నిలబడి వాసన చూసింది. ముందుకాళ్ళు మడిచి మోకాళ్ళ మీద కూర్చుంది, ఏ పాలూ లేని చోట. ఓబులమ్మ దాన్ని లేపలేదు. దానంతట అది లేచేదాకా పక్కనే ఉండి, తర్వాత మేకను పెరట్లో పూడ్చింది.

మళ్ళీ వాన పడింది. తెల్లవారగానే ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఒక నల్లమేకకు పసుపు రాసి, బొట్టు పెట్టి, పాకలో గట్టిగా కట్టేశారు. అది కట్టు తెంచుకోకుండా చూడటానికి ఒక మనిషిని కాపలా పెట్టారు. అప్పుడు నిబ్బరంగా పొలాలకు పోయి ఎద్దులకు కాడి కట్టారు. ముందర మేక కనబడక ఎద్దులు కాసేపు దిక్కులు చూశాయి. ఎంతసేపు చూసినా మేక రాలేదు. ఇక చేసేదేమీ లేక, పాత రోజుల్లో నడిచినట్టే నడిచాయి. సాళ్ళు తిన్నగా పడ్డాయి. మేకను ఇంట్లో కట్టేస్తే ఇంత బలం ఉంటుందని తమకు ఇన్నాళ్ళూ తెలియనందుకు జనం బాధపడ్డారు.

దస్తగిరి గట్టు మీద నిలబడి మిట్ట వైపు చూశాడు. అక్కడ ఓబులమ్మ ఒక్కతే కాడి కడుతోంది. అతనికి ఆమె సంగతి గుర్తొచ్చి మనసు కలుక్కుమంది. పని ఆపుకుని మిట్ట ఎక్కి వచ్చాడు.

"చెల్లీ, నీ మేక పోయిందని మరిచాను. మేక లేని ఇల్లు, ఎట్లా దున్నుతావు? మా పాకలో ఉన్నది నీ పేరున కూడా కట్టేసి వస్తాను."

ఓబులమ్మ అతని మొహం చూసింది. అందులో ఎక్కడా ఎగతాళి లేదు. తన పని మానుకుని అంత దూరం వచ్చిన మనిషి.

"కట్టెయ్యన్నా" అంది. "కాస్త వదులుగా కట్టు, మెడ నొప్పి పుట్టకుండా."

దస్తగిరి తేలికపడిన మనసుతో ఊరి వైపు వేగంగా నడిచాడు. అతను ఇంటికి చేరి, మేకకు రెండో తాడు వేసి, తిరిగి వచ్చేసరికి మిట్ట మీద సగం పొలం దున్నడం అయిపోయింది. అతను దాన్ని చూసి తృప్తిగా తల ఊపాడు.