సెకూ ముట్టుకోని మట్టి

ఎప్పటి మాటో ఏమో గాని, సముద్రాలకు ఆవల ఆఫ్రికా గడ్డ మీద మట్టిగోడల ఊరొకటి ఉండేదట. ఆ ఊళ్లో గోడ కట్టడం మగవాళ్ల పని. ఏటేటా వానలకు ముందు ఆ గోడలకు మట్టి మెత్తడం ఆడవాళ్ల పని. ఆ మెత్తే మట్టిని మగవాడు ముట్టుకుంటే పరువు పోయినట్టే.

ఊరందరి సజ్జ విత్తనాలూ దాచే పెద్ద గాదెను కట్టినవాడు సెకూ. పనిమంతుడు, మంచివాడు. ఒక్కటే లోపం, నలుగురు నవ్వుతారంటే హడలిపోతాడు.

ఒక ఏడు, దూరపు మడుగు నుంచి మట్టికి నీళ్లు మోసి మోసి ఒక్కరు తప్ప ఆడవాళ్లందరికీ చలిజ్వరం పట్టుకుంది. గాదె దగ్గర సెకూ భార్య ఫాంతా ఒక్కతే మిగిలింది. మగవాళ్లేమో పందిరి కింద చేరి, ఊరు నూరేళ్లు నిలవాలంటే ఏం చెయ్యాలా అని తీరిగ్గా మాట్లాడుకుంటున్నారు.

ఫాంతా పందిరి దగ్గరికి వచ్చింది.

"ఏమయ్యా, గాదె గోడ బీటలిచ్చింది. కాస్త చెయ్యి వెయ్యవూ?"

"పెద్ద విషయం మాట్లాడుకుంటున్నాం, తర్వాత చూద్దాంలే" అన్నాడు సెకూ.

తూరుపున మబ్బు పట్టాక మళ్లీ వచ్చింది. "నా ఒక్కదాని వల్ల కావడం లేదయ్యా." సెకూ తల వంచుకున్నాడే గాని కదల్లేదు.

తొలి చినుకు పడ్డాక మూడోసారి వచ్చింది. మోచేతుల దాకా మట్టి, కళ్లనిండా నీళ్లు. "విత్తనాలయ్యా!" అంది, అంతే.

సెకూ లేచాడు. నిజంగానే లేచాడు.

"ఏరా, మట్టి మెత్తడానికేనా? నీ పెళ్లాం గుడ్డ కూడా చుట్టుకుపో!" అన్నాడు పక్కనున్న బూబా. పందిరంతా గొల్లున నవ్వింది. సెకూ మళ్లీ కూర్చుండిపోయాడు.

ఆ వానకు గాదె కూలింది. విత్తనాలు బురదలో కలిసి కుళ్లిపోయాయి. చల్లుకోవడానికి గింజ లేక, ఒక్కో కుటుంబమే మూట సర్దుకుని వలసపోయింది. బూబా కూడా పోయాడు. చివరికి ఊళ్లో సెకూ, ఫాంతా ఇద్దరే మిగిలారు.

ఫాంతా తిట్టలేదు. "రెండు చేతులే కదయ్యా అడిగాను" అంది. తిట్టినా బాగుండేదనుకున్నాడు సెకూ.

మరుసటి ఏడు అతను మట్టి తొక్కి, భార్యతో కలిసి కొత్త గాదెకు మెత్తాడు. చేతులు మట్టయ్యాయి గాని పరువేమీ పోలేదు. అలవాటుకొద్దీ పందిరి వైపు చూశాడు. నవ్వడానికి అక్కడ ఎవ్వరూ లేరు. ఒక్కరైనా ఉండి నవ్వితే బాగుండునని కుమిలి కుమిలి ఏడ్చాడు.

ఊరు అందరిదీ అయినప్పుడు దాన్ని నిలబెట్టే పనీ అందరిదే. అందులో మగ పని, ఆడ పని అని వేరే లేవు.