చలివేంద్రంలో చీటీలు

పేరిందేవమ్మగారి ఆశ్రమంలో పెంచలకుమార్‌కి ఉన్నది ఒక్కటే తలనొప్పి. దాని పేరు మస్తానమ్మ.

అందరూ అమ్మ అని పిలిచే పేరిందేవమ్మ చెప్పిన పాఠాలన్నీ ఆన్‌లైన్‌లో అరలు అరలుగా సర్దింది పెంచలకుమారే. గృహిణులకు ఒకటి, ఉద్యోగస్తులకు ఒకటి, సాధకులకు ఒకటి. సాధకుల అరకి తాళం కూడా వేశాడు. కింది పాఠాలన్నీ విని, పరీక్ష నెగ్గితే గాని అది తెరుచుకోదు. చావు గురించి అమ్మ చెప్పిన పాఠం ఆ తాళం వెనకాలే ఉంది.

మస్తానమ్మ చేరేటప్పుడు తన పని "ఇంటిపని" అని రాసింది. ఇంకేముంది, గృహిణుల అరలో పడింది. ఫోన్ చేసి దులిపేసింది.

"మా ఆయన పోయి నెల కాలా అబ్బయా. చావు పాఠం అడిగితే, వంటింట్లో ప్రశాంతత అని పెడతావా? నా బతుకంతా వండినదాన్ని, నాకు వంటిల్లు నేర్పుతావా నువ్వు?"

"దేనికైనా ఒక క్రమం ఉంటుందమ్మా."

"మా ఆయన క్రమంలోనే పోయినాడా? ఉండు, రేపు నేనే వస్తా. నీ సంగతేందో చూస్తా."

పెంచలకుమార్ ఉడికిపోతూ అమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"ఒకరికి తాళం తీస్తే ఊరంతా తీయమంటుంది. తయారు కానివాళ్ళ చేతిలో పెడితే పాఠానికే చిన్నతనం. తీయనమ్మా. మీరు చెప్పినా తీయను."

పేరిందేవమ్మ దీపానికి వత్తులు చేసుకుంటూ "సరే నాయనా" అంది. నోరుజారిన శిష్యుణ్ణి ఊరికే వదిలే మనిషి కాదావిడ. అందుకే ఆ "సరే" అతనికి రుచించలేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆత్మకూరులో పని చూసుకొచ్చి బస్సు దిగాడు. నెత్తిన రోహిణి ఎండ. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. రోడ్డు పక్కనే ఆశ్రమం వాళ్ళ చలివేంద్రం. తాటాకు పందిరి కింద నీళ్ళకుండ, అంబలికుండ, మజ్జిగకుండ. ఎప్పుడూ ఉండేవే. ఇవాళ మాత్రం వాటికి చీటీలు అంటించి ఉన్నాయి. ఆడవాళ్ళకు. చదువుకున్నవాళ్ళకు. యోగ్యులకు.

అమ్మే ముంత పట్టుకుని కూర్చుంది.

"మంచినీళ్ళు పొయ్యండమ్మా."

"అవి ఆడవాళ్ళవి నాయనా. నీది నడిమికుండ. అంబలి."

"పోనీ, మజ్జిగ."

"అంబలి తాగు. ప్రశ్నలడుగుతా. చెబితే, మజ్జిగ సంగతి చూద్దాం."

"గొంతు ఎండిపోతోందమ్మా!"

"క్రమం ఉంటుంది కదా."

అతని మొహం ఎర్రబడింది. అంతలో వెనకాల ఇంకో బస్సు ఆగింది. ఒకావిడ దిగి, కొంగుతో చెమట తుడుచుకుంటూ పందిట్లోకొచ్చి, చీటీలు చదివింది. చదివిందో లేదో వాటిని పరపరా పీకేసింది.

"మా చిన్నప్పుడు మా పేటవాళ్ళకి వేరేకుండ పెట్టేవాళ్ళు. అది అప్పుడే పగలగొట్టాం. మళ్ళీ మొదలుపెట్టారా?"

అమ్మ చేతిలోంచి ముంత లాక్కుంది. నీళ్ళు ముంచుకుని తాను తాగబోతూ, పక్కనున్న కుర్రాడి మొహం చూసి ఆగింది.

"ముందు నువ్వు పట్టు అబ్బయా. వాడిపోయినావు."

పెంచలకుమార్ దోసిలి పట్టాడు. గటగటా తాగాడు. నీళ్ళు మోచేతుల మీదుగా కారాయి.

"ఇక్కడ పెంచలకుమార్ అంటే ఎవురు? వాడితో పోట్లాడాలని పొద్దున్నే బస్సెక్కినా."

దోసిలి అలాగే ఉండిపోయింది. తల ఎత్తకుండానే, "నేనేనమ్మా" అన్నాడు.

మస్తానమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. మళ్ళీ ముంత ముంచింది.

"అయితే ఇంకాసిని తాగు. తర్వాత తిడతా."

పేరిందేవమ్మ పకపకా నవ్వింది. పందిట్లో పడి ఉన్న సుద్దముక్క తీసి, శిష్యుడి తడిచేతిలో పెట్టింది.

"కుండలో ఏముందో రాయి నాయనా. ఎవరు తాగాలో రాయకు."