దళవాయిగారు తాగిన సాక్ష్యం

ఎర్రగుబ్బలి రాజు వెంగళరాజుకు ఆ పొద్దున నగారా వినిపించలేదు. ఇంకేముంది, సభంతా గగ్గోలు.

ఆ రాజ్యంలో ఒక పద్ధతి ఉంది. సరిహద్దు నుంచి కోట దాకా వరసగా మూడు గుట్టలు. సరిహద్దు క్షేమంగా ఉంటే తెల్లారగానే మొదటి గుట్ట మీద ఓబులు నగారా కొడతాడు. అది విని రెండో గుట్ట మీద సాంబడు, సాంబణ్ణి విని మూడో గుట్టవాడు కొట్టాలి. కోటకు వినబడేది ఆ మూడోదే.

"ఓబులు ముసలాడైపోయాడు ప్రభూ! నిద్రపోయుంటాడు. కొలువులోంచి తీసేయండి," అన్నాడు సేనను నడిపే దళవాయి భైరప్ప, వెండి చెంబులో మజ్జిగ తాగుతూ. మూడో గుట్ట మీద ఉన్నది ఆయనగారి బావమరిదే. ఆ సంగతి మాత్రం ఎత్తలేదు.

ఎవరో నిద్రపోయుంటారన్న మాటతో రాజుకు భయం పోయి సరదా పుట్టింది.

"గుర్రం కదలకూడదు, మనిషి వెళ్లకూడదు. మూగబోయింది ఏ గుట్టో ఇక్కణ్ణుంచే చెప్పాలి. చెప్పినవాడికి నా శాలువా. ఎవరూ చెప్పలేకపోతే ఓబులు కొలువు ఊడినట్టే!"

తాంబూలం పళ్లెం పట్టుకు నిలబడ్డ ముత్తన్న ఒక అడుగు ముందుకు వేశాడు. ఇరవయ్యేళ్లలో ఓబులు ఒక్క రోజు తప్పినవాడు కాదు.

"కోటకు వినబడలేదంటే ముగ్గురిలో ఎవరో ఒకరు కొట్టలేదనే కదా ప్రభూ, ఓబులే అని ఎలా? దళవాయిగారూ, మజ్జిగ బాగుందా?"

"అమృతంరా! రెండో గుట్ట కింది గొల్లపల్లెది. అక్కడి ఆడవాళ్లు ఇప్పుడే దించి వెళ్లారు."

"వాళ్లు పల్లెలో ఎప్పుడు బయల్దేరతారో?"

"సాంబడి నగారా మోగాకే. క్షేమమని తెలియందే ఆడవాళ్లు పొలిమేర దాటుతారుట్రా?"

"అయితే ఇవాళ సాంబడు కొట్టాడన్నమాట."

"ఓబుల్ని వినకుండానే కొట్టి ఉండొచ్చుగా!"

"సాంబడా! ఓబులు నగారా చెవిన పడితే గానీ కళ్లు తెరవడని, వాడికి నిద్రగన్నేరని పేరు పెట్టింది తమరే కదండీ. ఓబులు కొట్టాడు, సాంబడు కొట్టాడు. ఇక మిగిలింది..."

"ఊహలు ప్రభూ, అన్నీ ఊహలు!" భైరప్ప గొంతు పెంచాడు. "ఓబులు కొట్టాడనడానికి సాక్ష్యం ఏదిరా?"

ముత్తన్న ఖాళీ చెంబు వైపు చూసి వినయంగా తల వంచాడు.

"దాన్ని తమరిప్పుడే తాగేశారు కదండీ!"

సభ ఘొల్లుమంది. రాజు పడీ పడీ నవ్వి, శాలువా తీసి ముత్తన్న భుజాన కప్పాడు.

"భైరప్పా, రేపట్నుంచి కోడి కూయకముందే గుట్టెక్కి మీ బావమరిదిని నువ్వే లేపు," అన్నాడు.