గోడ మీద ఒంటి చుక్క

అనగనగా ఉప్పుమడుల పక్కన ఒక ఊరుందిరా కన్నా. సముద్రం నీళ్ళు కట్టి, ఎండబెట్టి ఉప్పు తీస్తారే, ఆ మడులన్నమాట. బడేమో మడుల అవతల. ఉప్పు గట్ల మీద వట్టికాళ్ళతో నడిస్తే చిన్న పాదాలు పగిలి మండేవి.

ఆ ఊళ్ళో ఎర్నమ్మ అని ఓ బుజ్జిది ఉండేది. నీకంటే రవ్వంత చిన్నది. దాని కాళ్ళు పుండ్లు పడ్డాయి. చెప్పులు దొరికేదాకా బడికి పంపనని వాళ్ళమ్మ తేల్చి చెప్పేసింది.

అప్పుడు బడి మాస్టారు తోలు కొని తెచ్చి, పన్నెండు మంది పిల్లలకీ చెప్పులు కుట్టమని ఊళ్ళో తోలుపని చేసే నూకయ్యకి ఇచ్చారు. నూకయ్యకి చదువు రాదు గానీ కొలత వచ్చు. ఇల్లిల్లూ తిరిగి అందరి పాదాలూ కొలిచాడు. ఇంటికొచ్చి, గోడ మీద బొగ్గుతో అడ్డంగా ఓ గీత గీశాడు. దాని మీద ఐదు అంగుళాల నుంచి ఏడు దాకా, పావు పావుకీ ఓ గాటు పెట్టాడు. పావంగుళం అంటే ఎంత? నీ చిటికెన వేలి గోరంత, అంతే. ఏ పాదం ఎంతుంటే ఆ గాటు మీద ఓ చుక్క. అదే కొలత మళ్ళీ వస్తే చుక్క మీద చుక్క.

ఆ తర్వాత నూకయ్యకి జ్వరం వచ్చింది. పనంతా పెళ్ళాం పైడమ్మ మీద పడింది. ఆరున్నర దగ్గర చుక్కలు ఎత్తుగా ఉన్నాయి, అందరికంటే పెద్ద పాదాలు అవేనా అని అడిగింది. నూకయ్య దుప్పట్లోంచే నవ్వాడు.

"ఎత్తు చూసి మోసపోకే. కింద గాటు పాదమెంతో చెప్తాది. పైన చుక్కలు ఎంతమందో చెప్తాయి."

పైడమ్మకి తెలిసిపోయింది. ఆరూ పావు మీద రెండు చుక్కలు, రెండు జతలు కోసింది. ఆరున్నర మీద ఆరు, ఆరు జతలు. ఆరూ ముప్పావు మీద మూడు, మూడు జతలు. వాటికి దూరంగా, ఐదూ పావు మీద ఒకే ఒక్క చుక్క. అందరూ ఇక్కడ గుంపుగా ఉంటే అక్కడ ఒంటరిగా ఎవరుంటారు, ఈగ మచ్చేమో అనుకుంది. పిల్లలు మొత్తం ఎంతమందో తనకి ఎవరూ చెప్పలేదు మరి. తడిగుడ్డతో తుడిచేసింది.

చెప్పులు కుట్టి బడికి పట్టుకెళ్ళింది. పదకొండు జతలు పదకొండు మందికి సరిగ్గా పట్టాయి. ఎర్నమ్మ వాళ్ళమ్మ చంక దిగి, తన వంతు కోసం పాదం ముందుకు పెట్టి నిలబడింది.

ఇంకో జత లేదు.

పిల్లలు జాలిపడి తమవి ఇచ్చారు. ఆరూ ముప్పావు జత వేసుకుంటే ఊడిపోయింది. ఆరున్నర జతా ఊడిపోయింది. ఆరూ పావు జతతో నాలుగడుగులు ఈడ్చుకుంటూ వెళ్ళేసరికి అదీ ఊడిపోయింది. వాళ్ళమ్మ మళ్ళీ ఎత్తుకోబోయింది.

అప్పుడు పైడమ్మ ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని కొలిచింది. ఐదూ పావు.

"నిన్ను నేనే తుడిచేశాను తల్లీ," అంది.

తోలు అయిపోయింది. సంచి దులిపితే పెద్ద చెప్పుల అంచులు కోసిన ముక్కలు పడ్డాయి. బుజ్జి పాదానికి ఎంత కావాలి చెప్పు? ముక్కకి ముక్క చేర్చి, బడి గుమ్మంలోనే కూర్చుని కుట్టేసింది.

సాయంత్రం ఎర్నమ్మ ఉప్పు గట్టు మీద టకటకా నడిచింది. వాళ్ళమ్మ చేతులు చాపితే రానంది.

"రేపు నువ్వు రావద్దులేవే అమ్మా. నేనే వెళ్తాను," అంది.

కథ కంచి దారి పట్టింది, కన్ను నిద్ర దారి పట్టింది, మనం మనింట్లో ముసుగేసుకున్నాం.