పదహారు వన్నెల సుఖం

గండికోన రాజు ఓబళ భూపతికి ఒకనాటి పొద్దున పళ్ళు తోముకుంటుండగా ఒక ఆలోచన తట్టింది. బంగారానికి వన్నె కట్టినట్టు మనుషుల సుఖానికీ వన్నె కడితే? పదహారు వన్నెలైతే మేలిమి. తగ్గినవాడికి ఎందుకు తగ్గిందో కనుక్కోవచ్చు.

ఆయనకు తట్టడమే ఆలస్యం, ఆస్థాన వైద్యులు కేశవభట్టుగారు గీటురాయి సిద్ధం చేసేశారు. నాడి ఎలా కొట్టుకుంటోంది, ఎంత తింటున్నారు, ఎంతసేపు నిద్రపోతున్నారు, ఒళ్ళు ఎంత బరువుంది, ఇవన్నీ చూస్తారు. చివర్న రాజుగారి ఎదుట నిలబెట్టి "కులాసాయేనా?" అని అడిగిస్తారు. రాజుగారి మొహం మీద "లేదు" అన్నవాడు గండికోనలో ఇంకా పుట్టలేదు. అందుకని ఊళ్ళో కుంటివాళ్ళూ గుడ్డివాళ్ళూ కూడా పన్నెండు వన్నెలకు తగ్గలేదు.

అందరిలోకీ పై వన్నె రాజమాత అక్కమాంబగారిది. పదిహేనున్నర!

ఆ పదిహేనున్నర వన్నెల సుఖాన్నీ ఆవిడ మంచం మీద పడుకుని అనుభవిస్తోంది. కిందటి చలికాలం వచ్చిన జ్వరాన్ని భట్టుగారే తగ్గించారు. ఆ మేలు ఆవిడ మరిచిపోలేదు. కానీ జ్వరం పోయినా మంచం ఆవిడను వదల్లేదు. వేళకు జావ, వేళకు నిద్ర. కాలు కింద పెడితే చాలు, దాసీలు "అమ్మో, వన్నె తగ్గిపోతుంది!" అంటూ పరుగెత్తుకొస్తారు.

ఆవిడ దిగులల్లా ఒక్కటే. కోటలో రంగనాయకస్వామికి పవళింపు సేవలో జోల పాడటం, కొత్తకోడలిగా గడప తొక్కిన నాటినుంచీ ఆవిడ వంతు. ఇప్పుడు స్వామి జోల లేకుండానే పడుకుంటున్నాడు. పడుకుంటున్నాడో, పాపం, కళ్ళు తెరుచుకుని ఎదురు చూస్తున్నాడో!

స్వామి కల్యాణం రోజు వచ్చింది. ఆవిడ ఇక ఉండబట్టలేకపోయింది.

"భట్టుగారూ, ఇవాళ రాత్రి ఒక్క పాట పాడి వచ్చేస్తాను. రెండు వన్నెలు పోతే పోనివ్వండి."

"ఎంత మాట తల్లీ! గుడిమెట్లెక్కితే ఆయాసం, పాడితే మరీ ఆయాసం. ఇంకొక్క అరవన్నె వచ్చిందా, తమది మేలిమి సుఖం!"

మేలిమి తెచ్చినరోజున భట్టుగారి కాలికి బంగారు గండపెండేరం తొడుగుతానని రాజుగారు మాటిచ్చారు మరి.

"నా సుఖమేదో నాకు తెలీదా నాయనా?"

"ఎలా తెలుస్తుంది తల్లీ? తమరు వైద్యం చదువుకోలేదు కదా! పాట మా లెక్కలో లేదు" అని ఒక పట్టు పొడుం పీల్చి, వెండి పొడుం డబ్బీ మొలలో దోపుకుని వెళ్ళిపోయారు.

అక్కమాంబగారు ఆస్థానంలో హాస్యగాడైన తిప్పనను పిలిపించింది. చిన్నప్పటినుంచీ ఆవిడ చేతి ముద్దలు తిన్నవాడు.

"ఒరే తిప్పా, ఈ సుఖం నేను పడలేకుండా ఉన్నానురా."

అంతా విని తిప్పన గడ్డం గోక్కున్నాడు. "సభకు పల్లకీలో రండి అమ్మగారూ. పడుకునే రండి, వన్నె తగ్గదు."

సభలో పల్లకీ తెర సందులోంచి ఆవిడ చూస్తూనే ఉంది. తిప్పన లేచి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, అందరి సుఖానికీ వన్నె కట్టారు. కట్టినవారి సుఖానికి ఎవరు కట్టారు?"

రాజుగారికి సరదా పుట్టింది. భట్టుగారి శిష్యులే గురువుగారి నాడి చూశారు, బరువు తూచారు. గురువుగారికి తక్కువ వన్నె కట్టే ధైర్యం ఎవడికుంది?

"పదహారు!"

భట్టుగారు సిగ్గుపడుతున్నట్టు నవ్వి పొడుం డబ్బీ తీశారు. తిప్పన దాన్ని సుతారంగా అందుకున్నాడు.

"ఇది లెక్కలో ఉందా అండీ?"

"లేదు."

"అమ్మగారి పాటలాగే?"

"ఆఁ, పాటలాగే."

"అయితే ఇది లేకపోయినా మేలిమికి లోటు లేదన్నమాట!" అని డబ్బీని తీసుకెళ్ళి సింహాసనం చేతిమీద పెట్టాడు. "సభ అయ్యేదాకా ఉండనివ్వండి ప్రభూ." రాజుగారు సరేనన్నారు.

సభలో ఒక గేదె తగవు మొదలైంది. అది తెమలకముందే భట్టుగారి చెయ్యి మొల తడుముకుంది. పొలం గట్టు తగవు వచ్చేసరికి ఉత్తరీయంతో ముక్కు నులుముకుంటున్నారు.

"కులాసాయేనా భట్టుగారూ?" అన్నారు రాజుగారు.

"త... తమ చలవ వల్ల కులాసా ప్రభూ!" కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి.

తిప్పన డబ్బీ మూత తీసి, మళ్ళీ టక్కున మూశాడు. వాసన గుప్పుమంది. భట్టుగారు ఆసనంలోంచి లేచిపోయారు.

"ప్రభూ! ఒక్క పట్టు!"

"ఎన్ని వన్నెలిస్తారు?" అన్నాడు తిప్పన.

"వన్నెలేమిటి?"

"పదహారున్నాయి కదా. పట్టుకెన్ని?"

"ఒకటి!"

"అమ్మగారు పాటకి రెండిస్తానంటే తమరు ఒప్పుకోలేదు."

"నాలుగు! పోనీ ఎనిమిది!"

తిప్పన తల అడ్డంగా ఊపాడు.

"ఒరే తిప్పన్నా, పదహారూ నువ్వే పట్టుకుపోరా! నా పొడుం నాకియ్యరా!"

తిప్పన డబ్బీ ఆయన చేతిలో పెట్టి రాజుగారివైపు తిరిగాడు.

"ప్రభూ, భట్టుగారి సుఖం ముక్కులో ఉంది, అమ్మగారి సుఖం గొంతులో ఉంది. చెయ్యి పట్టుకుని వెతికితే ఎలా దొరుకుతుంది?"

సభ గొల్లుమంది. ఆ గోలలో భట్టుగారి తుమ్ములు కలిసిపోయాయి. రాజుగారు మాత్రం నవ్వు ఆపుకుని పల్లకీ దగ్గరకు వచ్చారు.

"అమ్మా, కులాసాయేనా?"

"లేదు నాయనా."

గండికోనలో ఆ మాట వినడం అదే మొదలు.

"ఇవాళ రాత్రి పాడితే ఉంటుంది" అంది అక్కమాంబగారు.

భట్టుగారు ముక్కు తుడుచుకుని, చేతులు జోడించి, "పాడండి తల్లీ. మెట్లు మాత్రం పల్లకీలో ఎక్కండి" అన్నారు.

రాజుగారు భట్టుగారి కోసం చేయించి ఉంచిన గండపెండేరం తెప్పించి తిప్పన కాలికి తొడిగారు. అది వాడి బక్క కాలికి వదులై చీలమండ మీదకి జారి గిరగిరా తిరిగింది. అది చూసి అక్కమాంబగారు పగలబడి నవ్వింది. ఎన్నాళ్ళకో నవ్విందేమో, కాస్త ఆయాసం వచ్చింది.

"అయ్యో, అరవన్నె పోయింది అమ్మగారూ!" అన్నాడు తిప్పన.

"పోనీలేరా!" అంది ఆవిడ, గొంతు సవరించుకుంటూ.