కియమాతా కొండపై పిలిచిన తల్లి

పూర్వం ఇటలీ దేశపు ఉత్తరసీమలో, హిమశిఖరాల పాదాల చెంత, శరత్కాలమంతా పొగమంచులో మునిగితేలే ఒక కొండ ఉండేది. ఆ కొండ ఎగువ వాలున నేరెత్తా అనే నల్లద్రాక్షను ఒర్సోలా అనే వితంతువు, దిగువ వాలున కియారెల్లా అనే తెల్లద్రాక్షను ఆమె ఆడపడుచు ఇల్డా పెంచుతూ ఉండేవారు. ఒకనాటి వడగళ్లవానలో చెల్లెలి తీగలను కాపాడబోయి ఒర్సోలా భర్త పిడుగుపాటుకు మరణించాడు. ఇల్డాయే పిలిచి ఆయన ప్రాణం తీసిందని తలచిన ఒర్సోలా, రెండు తోటల నడుమ తన చేతులతోనే రాతిగోడ పేర్చుకొని, మళ్లీ ఇల్డా ముఖం చూడలేదు.

ఆ తరువాత ఒక ఏడు, కోతలకు ముందే దిగివచ్చిన మంచు ఎంతకూ విడలేదు. సూర్యదర్శనం లేక నల్లద్రాక్ష వగరు విడువలేదు, తెల్లద్రాక్షకు తీపి పట్టలేదు. ఆ పంట కూడా పోతే ఇద్దరూ కొండ విడిచి వెళ్లవలసిందే. ఒక మధ్యాహ్నం ఒర్సోలా గుత్తులను నిమురుతూ నిలిచి ఉండగా, మంచులోనుండి ఎవరో స్త్రీ మృదువుగా పాడుతూ, నడుమ నడుమ ఆమెను పేరుపెట్టి పిలవసాగింది. కలలో నడిచినట్లే ఆమె ఆ స్వరం వెంట నడిచింది. గోడ ఉండవలసిన చోట గోడ లేదు. రాళ్లన్నీ పడుకున్న గొర్రెల్లా గడ్డిలో ఒరిగి ఉన్నాయి. ఆవలినుండి ఇల్డా బుట్ట చంకనెత్తుకొని వస్తున్నది.

“పిలిచావా వదినా?”

“నేను పిలవలేదు. పాడింది నువ్వు కాదూ?”

“అన్నయ్య పోయాక నేను పాడిందే లేదు.”

స్వరం వారి తలలమీదుగా సాగి, శిఖరం వైపు మెల్లగా కరిగిపోయింది. అప్పుడు ఒర్సోలా అడిగింది: “ఆ రోజు ఆయన్ని నువ్వేనా పిలిచింది?”

“లేదు వదినా. రావద్దని అరిచాను. వానలో వినపడలేదు.”

ఒర్సోలా ఆ రాళ్లమీదనే కూలబడి, ఇల్డా ఒడిలో తలపెట్టి, భర్త పోయిననాడు కూడా రాని కన్నీటిని కార్చింది. ఆ సాయంత్రమే వారు రెండు తోటల పండ్లనూ ఒకే తొట్టిలో పోసి, చేతులు పట్టుకొని తొక్కారు. వగరూ చప్పదనమూ ఒకదానిలో ఒకటి లీనమై, మంచుతెర వెనుక ఉదయించే సూర్యుని వన్నెగల వైన్ సిద్ధించింది.

పిలిచినది ఏసుతల్లి మరియమాతయే అని నమ్మిన జనులు శిఖరాన ఆమెకు చిన్న మందిరం కట్టారు. ఆ భాషలో కియమాతా అంటే పిలుపు; కొండకూ వైన్‌కూ అదే పేరు నిలిచింది. ఆ రెండు వాలులలో పండిన ఆ రెండు రకాలనూ కలిపి చేసినదానికి తప్ప వేరొకదానికి ఆ పేరు పెట్టరాదని నేడు దేశపు చట్టమే ఉంది.

ఈనాటికీ ఏటా తొలిమంచు దిగిన దినాన అక్కడ ఉత్సవం జరుగుతుంది. ఆ ఏడాదిలో మాటలు మానుకున్న ఇంటివారిని పూజారి పేరుపెట్టి పిలుస్తాడు. వారు వచ్చి చేతులు పట్టుకొని తొట్టిలో దిగేవరకు తక్కినవారెవరూ ద్రాక్షపై అడుగు మోపరు.